శ్రీకాకుళం తీరం చూడబోయేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లా చూడాలని ఉందంటూ హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, విదేశాల నుంచి కూడా బంధుమిత్రులు అడుగుతూనే ఉంటారు. అడిగేవారు మారినా సందేహాలు మాత్రం చాలావరకు అవే. అందుకని వాటిని ప్రయాణపు దశలను బట్టి ఒకచోట కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే పూర్తి సమాధానంతో ఉంటుంది గనుక మీకు కావలసినదాన్ని నేరుగా చదువుకోవచ్చు.

## బయలుదేరే ముందు

విశాఖపట్నం నుంచి పొద్దున్నే బయలుదేరి సాయంత్రానికి తిరిగి వచ్చేస్తే సరిపోదా?

విశాఖ నుంచి శ్రీకాకుళం సుమారు 110 కిలోమీటర్లు. అరసవల్లి, శ్రీకూర్మం, కళింగపట్నం చూసి అదే రోజు తిరిగి వెళ్లవచ్చు, చాలామంది అలాగే వెళ్తారు కూడా. అయితే అలా చూసినవారు జిల్లాలో దక్షిణపు కొసను మాత్రమే చూసినట్టు. సుమారు 193 కిలోమీటర్ల తీరంతో రాష్ట్రంలోకెల్లా పొడవైన సముద్రతీరం ఉన్న జిల్లా ఇది. కల్లేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, ఇచ్ఛాపురం సమీపంలోని డొంకూరు వైపు బాహుదా సముద్రంలో కలుస్తాయి. ఈ నాలుగు సంగమాల మధ్య నేల, పంట, మాట, తిండి మారుతూ పోతాయి, అది తెలియాలంటే కనీసం మూడు రోజులు కావాలి. మొదటి రోజు శ్రీకాకుళం పట్టణానికీ కళింగపట్నానికీ, రెండో రోజు వంశధార వెంట ఎగువకూ, మూడో రోజు ఉత్తరాన తోటల ప్రాంతమైన ఉద్దానానికీ కేటాయించుకోవాలని నా సలహా.

ఏ నెలలో రావడం మంచిది?

నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి వరకు ఎండ తీవ్రత తక్కువ, దారులు పొడిగా ఉంటాయి, పక్షులు కూడా కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత ఎక్కువే గాని ఉద్దానంలో జీడిమామిడి, పనస చేతికొచ్చే కాలం అదే. తోటలు చూడాలనుకునేవారు ఎండకు సిద్ధపడి అప్పుడే రావాలి. అక్టోబరు నెలను తుపాన్ల కారణంగా నేను ఎవరికీ సూచించను. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న ఈ జిల్లాలోనే పలాస దగ్గర తీరం దాటింది. అక్టోబరులోనే రావలసి వస్తే వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుని, వాయుగుండం అన్న మాట వినిపించగానే ప్రయాణం వాయిదా వేసుకోవాలి.

పాత పుస్తకాల్లో పాలకొండ, సీతంపేట, రాజాం కూడా ఈ జిల్లాలోవే అని ఉంది. అవి ఇప్పుడు లేవా?

2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో పాలకొండ, సీతంపేట ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం విజయనగరం జిల్లాకు వెళ్లాయి. తీర ప్రాంతం మొత్తం శ్రీకాకుళంలోనే ఉంది.

ఎక్కడ బస చేయాలి? సముద్రం ఒడ్డునే గది దొరుకుతుందా?

ఒడ్డునే గది దొరుకుతుందన్న నమ్మకంతో రావద్దు. బీచ్‌లలో చాలావాటి దగ్గర మత్స్యకారుల ఊళ్లే తప్ప హోటళ్లు ఉండవు. శ్రీకాకుళం పట్టణంలో ఒక రాత్రి, పలాస-కాశీబుగ్గలో ఒక రాత్రి బస పెట్టుకుంటే అటు దక్షిణ భాగం, ఇటు ఉద్దానం రెండూ దగ్గరవుతాయి.

## చేరుకోవడం, తిరగడం

శ్రీకాకుళం రైల్వే స్టేషన్ ఊళ్లోనే ఉంటుందా?

ఉండదు. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. టికెట్ మీద కనిపించే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి పట్టణానికి పన్నెండు, పదమూడు కిలోమీటర్ల దూరం బస్సులోనో ఆటోలోనో వెళ్లాలి. ఉద్దానం మాత్రమే చూడాలనుకునేవారు నేరుగా పలాసలో దిగడం మేలు, ఎక్స్‌ప్రెస్ రైళ్లు చాలా అక్కడ ఆగుతాయి. సోంపేట, ఇచ్ఛాపురం కూడా హౌరా-చెన్నై ప్రధాన మార్గంలో ఉన్న స్టేషన్లే.

సొంత కారు లేకుండా తిరగడం సాధ్యమేనా?

సాధ్యమే గాని ఓపిక కావాలి. శ్రీకాకుళంలో ఆర్టీసీ బస్టాండును అందరూ కాంప్లెక్స్ అంటారు. టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం వంటి ఊళ్లకు అక్కడి నుంచి బస్సులు తరచుగా ఉంటాయి. జాతీయ రహదారి నుంచి తీరంలోని పల్లెలకు చేరడానికి షేర్ ఆటోలే ఆధారం, చీకటి పడ్డాక అవి తగ్గిపోతాయి. అందువల్ల సముద్రం దగ్గర సూర్యాస్తమయం దాకా ఉండదలచినవారు తిరుగు ప్రయాణానికి ఆటో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. సూర్యాస్తమయం అంటే సాయంత్రపు వెలుతురు మాత్రమే అనుకోండి. ఇది తూర్పు తీరం, సముద్రంలోంచి సూర్యుడు వచ్చేది తెల్లవారుజామున. ఒక్క ఉదయమైనా ఐదు గంటలకు లేచి ఒడ్డున నిలబడి చూడమని నా విన్నపం.

ఇచ్ఛాపురం వైపు వెళ్తే తెలుగు మాట్లాడతారా?

మాట్లాడతారు. ఒడిశా సరిహద్దు కావడంతో ఒడియా కూడా వినిపిస్తుంది, ఒకే ఇంట్లో రెండు భాషలూ వాడేవారు ఎందరో ఉన్నారు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడక ముందు ఈ ఉత్తర భాగం గంజాం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. ఇక జిల్లా అంతటా వినిపించే తెలుగుకు తనదైన ఒక యాస ఉంది. ‘ఏమిటి’ అనడానికి ‘ఏటి’ అంటారు, ‘బాబూ’ అనడానికి ‘బావూ’ అంటారు. అది ఆప్యాయతతో పిలిచే పిలుపు. సినిమాల్లో విన్న యాసను అనుకరించి వారిని నవ్వించబోయే అతిథులను నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. వ్యవహార భాష కోసం జీవితాంతం వాదించిన గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న పుట్టింది ఈ నేల మీదే, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

## పట్టణాలు, గుళ్లు, పాత రాజధానులు

అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలపై పడేది ఏ రోజున?

ఏటా రెండుసార్లు, మార్చి రెండో వారంలోనూ అక్టోబరు తొలి రోజుల్లోనూ, సూర్యోదయ సమయంలో కొద్ది నిమిషాల పాటు కిరణాలు ముఖద్వారం మీదుగా సాగి గర్భాలయంలోని మూలవిరాట్టును తాకుతాయి. ఆకాశం మబ్బు పట్టి ఉంటే ఆ రోజుకు అది కనిపించదు కనుక, దీనికోసమే దూరం నుంచి వచ్చేవారు రెండు మూడు ఉదయాలు చేతిలో ఉంచుకోవాలి. రథసప్తమికి వచ్చే జనం సంగతి వేరు. ఆ రోజు దర్శనానికి గంటల తరబడి వరుసలో నిలబడవలసి ఉంటుంది, చిన్న పిల్లలతో వచ్చేవారికి అది కష్టం.

శ్రీకూర్మంలో ప్రత్యేకంగా గమనించవలసినది ఏమిటి?

విష్ణువును కూర్మావతార రూపంలో ప్రధాన దైవంగా కొలిచే ఆలయాలు అత్యంత అరుదు, వాటిలో దీనిదే అగ్రస్థానం. మూలమూర్తి పడమటి ముఖంగా ఉంటాడు, ఆలయానికి రెండు ధ్వజస్తంభాలు ఉన్నాయి. చాలామంది దర్శనం చేసుకుని వెంటనే బయటికి వచ్చేస్తారు. దయచేసి ప్రదక్షిణ మండపంలో కనీసం అరగంట గడపండి. అక్కడి స్తంభాల మీద శాసనాలు, గోడల మీద రంగు చిత్రాలు ఉన్నాయి. మధ్వాచార్యుల శిష్యుడైన నరహరి తీర్థులు కళింగ రాజ్యంలో అధికారిగా ఉన్న కాలంలో, 1281లో, యోగానంద నరసింహుని ఆలయం కట్టించినట్టు చెప్పే శాసనం కూడా ఇక్కడిదే. చిత్రాలను చేత్తో తాకకూడదు. ఆలయంలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లను చూడవచ్చు గాని, ఎవరైనా బయట తాబేలు పిల్లను అమ్మజూపితే కొనవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

శాలిహుండం కొండ ఎక్కడం పెద్దవారికి కష్టమా? అక్కడ మిగిలింది ఏమిటి?

కొండ పెద్ద ఎత్తేమీ కాదు, మెట్లదారి ఉంది. నీడ తక్కువ కనుక ఉదయం తొమ్మిది లోపే ఎక్కితే పెద్దవారికి కూడా ఇబ్బంది ఉండదు. వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో లోకం దృష్టికి తెచ్చినవారు గిడుగు రామమూర్తి. ఆ తరువాత జరిగిన తవ్వకాలలో స్తూపాలు, చైత్యగృహాలు, తార, మారీచి వంటి దేవతల శిల్పాలు బయటపడ్డాయి. ఇప్పుడు చూడగలిగేది ఇటుక కట్టడాల పునాదులూ, గుండ్రని స్తూపపు అరుగులూ, మ్యూజియంలోని శిల్పాలూ. శిథిలాలను చూసి నిరాశపడేవారు ఒక్కసారి కొండమీద నిలబడి తూర్పుకు చూడాలి. నది మలుపు తిరిగి సముద్రం వైపు సాగిపోవడం కనిపిస్తుంది. ఓడల మీద వచ్చిన వర్తకులకూ భిక్షువులకూ ఈ కొండ ఎందుకు నచ్చిందో ఏ పలకా చదవకుండానే అర్థమవుతుంది.

సముద్రం చూడడానికి వస్తే లోపలికి యాభై కిలోమీటర్లు పోయి శ్రీముఖలింగం ఎందుకు చూడాలి?

వంశధార మీద ఎగువన ముఖలింగం, దిగువన కళింగపట్నం ఉన్నాయి, రెండింటి కథా ఒకటే. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగ రాజులకు రాజధానిగా ఉన్న కళింగనగరం ఈ ముఖలింగమేనని చరిత్రకారుల అభిప్రాయం. పన్నెండో శతాబ్దంలో అనంతవర్మ చోడగంగుని కాలంలో అధికార కేంద్రం కటకం (నేటి కటక్) వైపు మళ్లిన తరువాత ఇది నది ఒడ్డున ఒక పల్లెగా మిగిలింది. ముఖలింగేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ చూడాలి. ఊరి మొదట్లో ఉన్న సోమేశ్వరాలయం చిన్నది, కాని దాని గోడల మీది శిల్పాల పనితనం నాకు మూడింటిలోకీ ఎక్కువ ఇష్టం. మహాశివరాత్రి తరువాత జరిగే చక్రతీర్థ స్నానానికి వంశధారలో జనం కిక్కిరిసి ఉంటారు, ప్రశాంతంగా చూడదలచినవారు ఆ రోజులు వదిలి రావాలి.

పొందూరులో ఖద్దరు నేయడం దగ్గరుండి చూడనిస్తారా?

మర్యాదగా అడిగితే చూడనిస్తారు. ఇక్కడి సన్న ఖద్దరులో విశేషం నేతలోకన్నా నేతకు ముందు జరిగే పనిలో ఉంది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. సూదుల్లాంటి ఆ చేప పళ్ల మధ్య నుంచి దూది సాఫుగా, మెత్తగా వస్తుంది. ఆ తరువాత ఏకడం, వడకడం అన్నీ చేతిపనే, ఎక్కువగా ఆడవారు ఇళ్లలో కూర్చుని చేసే పని. నూరో నంబరు అనే చాలా సన్నని నూలు ఒక చీరకు సరిపడా వడకడానికి పట్టే రోజులు తెలిస్తే ధర ఎక్కువని ఎవరూ అనలేరు. వడికేవారికి దక్కే కూలి మాత్రం ఆ శ్రమకు తగినట్టు లేదు. వచ్చే తరం ఈ పనిలోకి రావడానికి వెనుకాడుతోంది. చూసి ఫొటోలు తీసుకుని వెళ్లిపోకుండా, ఒక్క కండువా అయినా ఖాదీ సంఘం దుకాణంలోనే బిల్లుతో కొనండి.

## ఉద్దానం పల్లెలు

ఉద్దానం అంటే ఏ ఊరు?

ఒక ఊరు కాదు, ఒక ప్రాంతం. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లో పరుచుకున్న తోటల నేలను ఉద్దానం అంటారు. ఇసుక నేలలో కొబ్బరి, జీడిమామిడి, పనస కలిసి పెరుగుతాయి. దారులు తోటల లోపలి నుంచే పోతాయి, చాలాచోట్ల ఇళ్లు చెట్ల నీడలోనే ఉంటాయి. అక్కడక్కడా ఖాళీగానో, లేత మొక్కలతోనో కనిపించే నేలలు తిత్లీ తుపాను మిగిల్చినవి. తరతరాలుగా పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో కూలిపోయాయి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కనుక ఆ దెబ్బ ఇప్పటికీ పూర్తిగా మానలేదు.

అక్కడ కిడ్నీ వ్యాధి ఉందంటారు. వెళ్లవచ్చా? నీళ్లు తాగవచ్చా?

వెళ్లవచ్చు. ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి అధికంగా ఉన్న మాట నిజం, దానికి కారణం ఇదీ అని పరిశోధనల్లో ఇంకా తేలలేదు. అది అంటువ్యాధి కాదు, ఒకటి రెండు రోజులు ఉండి వెళ్లేవారు భయపడవలసిన పని లేదు. ఏ కొత్త ప్రాంతంలోనైనా తీసుకునే జాగ్రత్తే ఇక్కడా తీసుకుని, సీసా నీళ్లో కాచిన నీళ్లో తాగితే చాలు. హిరమండలం జలాశయం నుంచి ఈ మండలాలకు నది నీళ్లు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. నా విన్నపం ఒక్కటే: ఇంటి ముందు కూర్చున్న మనిషిని మొదటి మాటగా జబ్బు గురించి అడగకండి, మీ కెమెరా ముందు రోగిగా నిలబెట్టకండి. తోట గురించి అడగండి, కాపు గురించి అడగండి. చెప్పాలనుకుంటే ఆరోగ్యం సంగతి వారే చెబుతారు.

పలాసలో జీడిపప్పు ఎలా చూసి కొనాలి?

గుండు పప్పు, బద్ద, ముక్క అని మొదట మూడు రకాలుగా విడదీస్తారు. గుండు పప్పులో 180, 210, 240, 320 వంటి అంకెలు చెబుతారు. అది ఒక పౌను (పౌండు) బరువుకు వచ్చే పప్పుల లెక్క, కాబట్టి అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. ఇంట్లో పాయసానికీ కూరకూ బద్ద సరిపోతుంది, రుచిలో తేడా ఉండదు. కొనేముందు ఒక పప్పు విరిచి చూడండి, టప్పున విరిగితే బాగా ఆరినట్టు. పరిశ్రమలో పని చూసే అవకాశం వస్తే కార్మికుల చేతులు గమనించండి. జీడిగింజ చిప్పలోని రసం చర్మాన్ని కాలుస్తుంది, ఆ మరకలతోనే వారు మనకు తెల్లని పప్పు అందిస్తున్నారు.

ఏం తినాలి?

సీజనులో పనసపొట్టు కూర, తీరం ఊళ్లలో ఆ పూట దొరికిన చేపల పులుసు, మందసలో కోవా. మందస వెళ్లినప్పుడు అక్కడి వాసుదేవ పెరుమాళ్ ఆలయం చూడడం మరచిపోకండి.

తేలినీలాపురం, తేలుకుంచి ఒకటేనా? పక్షులు ఎప్పుడు ఉంటాయి?

రెండూ వేరువేరు. తేలినీలాపురం టెక్కలికి దగ్గరలో, నౌపడ ఉప్పు కొటార్ల ప్రాంతానికి సమీపంలో ఉంది. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు సెప్టెంబరు ప్రాంతంలో వచ్చి మార్చి దాకా గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. తేలుకుంచి ఇచ్ఛాపురం పక్కన ఉంది. అక్కడికి ఓపెన్‌బిల్ స్టార్కులు తొలకరితో వచ్చి, పిల్లలు ఎగరగలిగాక చలికాలం మొదట్లో వెళ్లిపోతాయి. రెండు చోట్లా పక్షులు ఊరి నడుమ చింత వంటి చెట్ల మీదే ఉంటాయి. అవి వస్తే ఊరికి మంచి జరుగుతుందని నమ్మి గ్రామస్థులు వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. కాబట్టి చప్పట్లు కొట్టి లేపడం, డ్రోన్ ఎగరవేయడం వారి నమ్మకానికీ పక్షులకూ రెండింటికీ అపచారమే.

## సముద్రం ఒడ్డున

కళింగపట్నం, బారువ, వీటిలో ఒక్కటే చూడగలిగితే ఏది చూడాలి?

చరిత్ర మీద ఆసక్తి ఉంటే కళింగపట్నం. శ్రీకాకుళానికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, వంశధార ముఖద్వారం పక్కన ఉంది. పాతకాలపు రేవు, బ్రిటిషు వారి కాలంలో మళ్లీ కొంత కాలం నడిచి ఇరవయ్యో శతాబ్దం నడిమికల్లా మూతపడింది. దీపస్తంభం ఇప్పటికీ నిలబడి ఉంది. నిశ్శబ్దం, కొబ్బరిచెట్లు కావాలంటే బారువ. అదీ ఒకప్పటి రేవే. 1917లో చిల్కా అనే ఆవిరి ఓడ అగ్నిప్రమాదానికి గురై ఈ ప్రాంతంలోనే మునిగింది. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు దాకా ఇసుకలో నడిచి వెళ్లవచ్చు. నన్ను అడిగితే బారువే అంటాను.

స్నానం చేయవచ్చా? ఈత వచ్చు కదా, భయమెందుకు?

ఈత వచ్చినవారే ఎక్కువ ధైర్యం చేసి ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు. ఈ తీరంలో చాలాచోట్ల ఒడ్డు నుంచి కొద్ది అడుగులు దాటగానే లోతు పెరుగుతుంది. ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి లోపలికి బలంగా లాగే చోట్లు ఉంటాయి, పైకి అక్కడ కెరటాలు తక్కువగా, నీరు ప్రశాంతంగా కనిపించడం వల్లనే మోసపోతారు. నదీ ముఖద్వారాల దగ్గర పోటు తగ్గుతున్నప్పుడు లాగుడు మరింత ఎక్కువ, ఇసుక దిబ్బలు కూడా కాలి కింద కదిలిపోతాయి. మోకాలి లోతు దాటి వెళ్లవద్దు, ముఖద్వారం దగ్గర అసలు దిగవద్దు. ఒకవేళ లాగివేస్తే ఒడ్డు వైపు ఎదురీదకుండా తీరానికి సమాంతరంగా ఈది, ఆ లాగుడు తప్పించుకున్నాక ఒడ్డుకు రావాలి. ఊళ్లో జాలరులు ‘ఇవాళ వద్దు’ అంటే అదే ఆఖరి మాట. ఆపద వస్తే 112కు గానీ, మెరైన్ పోలీసుల 1093కు గానీ ఫోన్ చేయండి.

పడవల్లో మమ్మల్ని సముద్రంలోకి తీసుకువెళ్తారా?

అడగకపోవడమే మంచిది. అవి చేపల వేటకు ఉద్దేశించిన పడవలు, లైఫ్ జాకెట్లు ఉండవు, మీకు ఏదైనా జరిగితే కేసు ఆ పేదవాడి మీద పడుతుంది. దానికి బదులు తెల్లవారాక పడవలు ఒడ్డుకు చేరే వేళకు వెళ్లండి. అందరూ కలిసి వల లాగడం, చేపలు వేరు చేయడం, ఆడవారు వేలంపాటలో కొనుక్కుని బుట్టలకెత్తుకోవడం కళ్లారా చూడవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా మరపడవల వేట నిషేధం ఉంటుంది కనుక ఆ రెండు నెలల్లో ఒడ్డు వెలవెలబోతుంది, చేప ధర కూడా ఎక్కువే. వేట సరిగా సాగక ఇక్కడి కుర్రాళ్లు గుజరాత్ రేవులకు పనికి వెళ్తుంటారు. అలా వెళ్లిన ఈ ప్రాంతపు మత్స్యకారులు 2018లో సముద్ర సరిహద్దు దగ్గర పాకిస్థాన్‌కు చిక్కి 2020 జనవరిలో గాని ఇంటికి చేరలేదు. ఒడ్డున మీతో మాట్లాడే ముసలమ్మ కొడుకు ఎక్కడో దూరపు రేవులో ఉండి ఉండవచ్చు.

ఇసుకలో తాబేలు గుడ్లు కనిపిస్తే ఏం చేయాలి?

ముట్టుకోకుండా, కాళ్లతో తొక్కకుండా, ఆ చోటు అటవీ శాఖ వారికో ఊరి పెద్దలకో చూపించండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరంలో రాత్రివేళ గుడ్లు పెడతాయి, పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ నెలల్లో రాత్రి ఒడ్డున బలమైన లైట్లు, మంటలు పెట్టకండి. పిల్లలు వెలుతురును బట్టే సముద్రం దారి పడతాయి.

## తిరిగి వెళ్లేటప్పుడు

ఎండుచేపలు, కోవా దూరప్రయాణంలో పాడుకాకుండా ఎలా తీసుకువెళ్లాలి?

ఎండుచేపలు కొనేటప్పుడు వంచి చూడండి. మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టు, రెండు రోజుల్లో బూజు పడుతుంది. బాగా ఎండినవాటిని కాగితంలో చుట్టి, ఆపైన రెండు ప్లాస్టిక్ సంచుల్లో గట్టిగా మూతికట్టి పెడితే బోగీలో తోటివారికి వాసన ఇబ్బంది ఉండదు. కోవా మాత్రం బయలుదేరే రోజునే కొని, మరుసటి రోజుకల్లా తినేయాలి. వేసవిలో అయితే అది కూడా కష్టమే గనుక అక్కడికక్కడే తిని వెళ్లండి.